బందరు చూడ్డానికి వస్తున్నారా? ఒక పాత పోస్టుమాన్ చెప్పే దారి

మా మేనల్లుడు హైదరాబాదులో ఉంటాడు. పోయిన వేసవిలో పెళ్ళాం పిల్లల్తో కారేసుకుని బందరులో, అదే మచిలీపట్నంలో, దిగాడు. మిట్టమధ్యాహ్నం మంగినపూడి బీచికి వెళ్ళారు. తెల్లటి ఇసక, నీలం నీళ్ళు ఉంటాయనుకున్నారు కాబోలు, నల్లమట్టి చూసి పిల్లలు మొహాలు వేలాడేశారు. తిరిగొస్తూ దారిలో ఏదో కొట్లో లడ్డూ పొట్లాలు నాలుగు కొన్నారు. సాయంత్రం మా అరుగు మీద కూచుని కాఫీ తాగుతూ, "మావయ్యా, ఏమీ అనుకోకు గానీ మీ ఊళ్ళో చూడ్డానికేం లేదు" అన్నాడు.

నేనేమీ అనుకోలేదు. వాడన్నదాంట్లో సగం నిజమే. కట్టడాల ముందు నిలబడి ఫొటోలు దిగే ఊరు కాదిది. వచ్చిన ప్రతి గాలివానా కొంత పట్టుకుపోయింది, మిగిలినదాన్ని ఉప్పుగాలి కొరుక్కుతింది. బందరు పాతదనమంతా పేటల పేర్లలోనూ, ఇక్కడి మనుషులు చేసే పనుల్లోనూ ఉంది. అది కనపడాలంటే ఏ వేళకి ఎక్కడుండాలో, ఎవర్ని ఏమని అడగాలో తెలియాలి. నేను ముప్ఫై ఏడేళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాను, అందులో చాలాకాలం సైకిలు మీదే. ఆ లెక్కన నాలుగు ముక్కలు చెప్పే హక్కు ఉందనుకుంటాను. రోజున్నర చేతిలో ఉంచుకుని రండి. అంతకంటే తక్కువైతే మా మేనల్లుడి సంగతే అవుతుంది.

ఎప్పుడు, ఎలా

ఏప్రిల్, మే నెలల్లో రావద్దు. ఎండకంటే ఉక్క చంపుతుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా బాగుంటుంది. మధ్యలో అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం కాబట్టి బయల్దేరే ముందు వార్తలు చూసుకోండి. దోమల సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననొద్దు. కాలం ఏదైనా అవి ఉంటాయి.

విజయవాడ నుంచి బస్సయితే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా ఓ 70 కిలోమీటర్లు. విజయవాడలో మహాత్మాగాంధీ రోడ్డు అని బోర్డు పెట్టినా జనం నోట్లో అది బందరు రోడ్డే. పుణెలో మొదలై హైదరాబాదు మీదుగా వచ్చే 65 నంబరు జాతీయ రహదారి మా ఊళ్ళోనే ఆగిపోతుంది. గోల్కొండ సుల్తానుల సరుకు సముద్రానికి చేరింది ఈ రేవుకే. వజ్రాలు, అద్దకం గుడ్డలు ఇక్కడ ఓడలెక్కి బర్మాలో పెగూకి, యెమెన్‌లో మోఖాకి, పర్షియాకి పోయేవి. కాబట్టి హైదరాబాదువాళ్ళు కారులో వచ్చేటప్పుడు, మీ ఊరి పాత రేవుకి వస్తున్నామనుకుని రండి.

నన్నడిగితే మాత్రం గుడివాడ మీదుగా రైల్లో రమ్మంటాను, ఎందుకంటే దారిలో పెడన తగులుతుంది. ముందు అక్కడ దిగాలి.

పెడనలో రెండు గంటలు

బందరు ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా పెడన. కలంకారీ అనగానే అందరికీ శ్రీకాళహస్తి గుర్తొస్తుంది. అక్కడ నిజంగానే కలంతో గీస్తారు. ఇక్కడ కలం పేరులోనే మిగిలింది, పనంతా అచ్చులతో. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. మళ్ళీ ఎత్తి పక్కన పెడతారు, మళ్ళీ గుద్దు. షెడ్డులోకి అడుగుపెట్టేముందే ఆ చప్పుడు వినపడుతుంది. పువ్వులో నాలుగు రంగులుంటే అచ్చులు కూడా నాలుగు. మొదటి అచ్చు అంచుకి రెండోది వెంట్రుకవాసి తేడా లేకుండా కూచోవాలి. స్కేలుతో కొలిచేవాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు. చూపుతోనే.

లోపలికెళ్ళాక అచ్చులు వేసే బల్ల దగ్గరే ఆగిపోకండి, వెనక పెరట్లోకి తీసుకెళ్ళమని అడగండి. అసలు కథంతా అక్కడుంటుంది. తానుని పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో ముంచి ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉండబట్టే రంగు పక్కకి పాకదు. తీగల మీద ఆరుతున్న ఆ గుడ్డల దగ్గర పచ్చిపాలు, కరక్కాయ కలిసిన వాసనొకటి వస్తుంది. అది నచ్చడానికి కొంచెం సమయం పడుతుంది. నల్లరంగు కోసం తుప్పు పట్టిన ఇనపముక్కల్ని బెల్లంతో నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలితే చాలు, కళ్ళముందే నల్లబడుతుంది.

ఎరుపు సంగతి వేరు. దాని కోసం రంగు అద్దరు, పటికనీళ్ళు అద్దుతారు. పటికకి రంగులేదు కాబట్టి ఎక్కడ అద్దారో ఆనవాలుకి అందులో ఏదో కాస్త కలుపుకుంటారు. నాలుగు రోజులు ఆగి, పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగికాగులో ఎర్రరంగుతో ఉడకేస్తారు. ఒకప్పుడు దానికి మంజిష్ఠ లాంటి వేళ్ళూ బెరడులూ వాడేవాళ్ళు, ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ అనే రసాయనపు రంగు వాడుతున్నారు. కాగులోంచి కర్రతో గుడ్డ పైకెత్తినప్పుడు చూడాలి. పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలి ఉంటుంది. మిగతాచోట్ల కాస్త గులాబీ మరక పడితే, తడిపి తడిపి ఎండేస్తే పోతుంది. మా అమ్మాయి చిన్నప్పుడు దీన్ని చూసి "నాన్నా, గుడ్డకి గుర్తుంది" అంది. అంతకంటే బాగా ఈ పనిని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

కలంకారీ అన్న మాటే ఫారసీ. పర్షియావాళ్ళ అభిరుచికి తగ్గట్టు తీగలూ, పువ్వులూ, సన్నగా పొడుగ్గా లేచే చెట్లూ వేసి వేసి ఈ అచ్చులు ఇలా తయారయ్యాయి. మీరు కొనే దుప్పటి అంచు మీద వేప, మామిడి లాగా లేని చెట్టు ఒకటి కనపడితే ఆశ్చర్యపోకండి, అది సముద్రం అవతల మనుషుల కోసం పుట్టిన చెట్టు.

కొనేటప్పుడు జాగ్రత్త. నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి కూడా ఒకసారి మోసపోయాను. మా వియ్యంకులకి పెడదామని ఒక కొట్లో కలంకారీ అని చెబితే దుప్పటి కొన్నాను. కొట్టు పేరు ఎందుకులెండి. పెట్టేముందు మా ఆవిడ ఒకసారి తడుపుదామని ముంచితే బకెట్టంతా ఎర్రనీళ్ళు. తర్వాత అద్దకం పనిచేసే పెద్దాయనొకడు నాకు పాఠం చెప్పాడు. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కోసం వెతకమన్నాడు. చేత్తో అద్దినదైతే ఎక్కడో ఒకచోట గీత కాస్త మందంగా పడుతుంది, లేదా సన్నగా దూరం మిగులుతుంది. గజం తర్వాత గజం అన్నీ ఒకేలా ఉంటే అది స్క్రీను ప్రింటు. చిలకపచ్చ, మెరిసే గులాబీ లాంటి రంగులు కనపడినా అనుమానించమన్నాడు. చెట్టూచేమల రంగులు కాస్త మసగ్గానే ఉంటాయి మరి.

పేర్లు చదవడం

పెడన నుంచి బస్సో ఆటోనో పట్టుకుని బందరు చేరతారు. బోర్డుల మీద మచిలీపట్నం. రైల్వే టికెట్టు మీదా అదే. కోట గుమ్మానికి చేపకన్నుల బొమ్మ ఉండేదనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ చెబుతారు. ఇంగ్లీషువాళ్ళు దాన్నే మసులీపటం చేసుకున్నారు. మేమెవరం ఆ పేర్లు వాడం. బందరు అంటే ఫారసీలో రేవు. అంటే ఇవాళ అందరూ అనే 'బందరు పోర్టు' అన్న మాటకి అర్థం 'రేవు రేవు' అని. నా ఉద్యోగంలో కవరు మీద ఒక్క ఇంటిపేరూ, కింద బందరు అనీ ఉంటే చాలు, ఉత్తరం చేరిపోయేది. పిన్‌కోడు 521001 వేసినవాళ్ళు నాగరికులు.

మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా కోనేరు సెంటర్లో ఉండండి. ఇడ్లీ తినండి. అక్కణ్ణించి నడక. సైకిలు దొరికితే ఇంకా మంచిది, కారు మాత్రం వద్దు. సందుల్లో కారు తిరగదు, పైగా కారులో ఉన్నవాళ్ళతో అరుగు మీది మనుషులు మాట్లాడరు.

పరాసుపేట ముందు. పాతకాలం తెలుగులో ఫ్రెంచివాళ్ళని పరాసులు అనేవాళ్ళు. వాళ్ళు 1669లో ఇక్కడ వర్తకశాల పెట్టారు. 1750లో ఊరినే పట్టుకున్నారు. 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు అనే ఇంగ్లీషు దొర రాత్రిపూట కోట మీద పడి లాక్కున్నాడు. అంతటితో పరాసుల కథ అయిపోయిందనుకుంటారు అందరూ. కాలేదు. ఊళ్ళో చిన్న జాగా మాత్రం ఫ్రెంచివాళ్ళదిగానే ఉండిపోయి, మనకి స్వాతంత్ర్యం వచ్చాక, 1947 అక్టోబరులో చేతికొచ్చింది. ఈ ముక్క చెబితే బందరు కుర్రాళ్ళే నమ్మరు.

తర్వాత వలందపాలెం. వలందులంటే హాలండువాళ్ళు, డచ్చివాళ్ళు. 1605లో వచ్చారు. ఇంగ్లీషుపాలెం పేరు విడమర్చి చెప్పక్కర్లేదు. వాళ్ళ గ్లోబ్ అనే ఓడ 1611లో ఇక్కడికి వచ్చింది, సూరత్‌లో వాళ్ళ వర్తకశాల కంటే ఇదే ముందు. చెన్నపట్నంలో కోట లేచాక 1641లో ఈస్టిండియా కంపెనీ పెద్దకార్యాలయం బందరు నుంచి అక్కడికి మారింది. మా నాన్న దీన్ని మొన్న జరిగినట్టు చెప్పుకుని బాధపడేవాడు. "వాళ్ళు ఇక్కడే ఉండుంటే మనూరే మద్రాసు" అనేవాడు. ఉండుంటే మనకి ఈ అరుగులు మిగిలేవి కావు నాన్నా అని నేను లోపల అనుకునేవాణ్ణి.

ఖాలేఖాన్‌పేట, నిజాంపేట, గొడుగుపేట, బచ్చుపేట, జవ్వారుపేట, రాబర్ట్‌సన్‌పేట. ఒక్కో పేరూ ఒక్కో కాలంలో ఆగిపోయింది. ఇప్పుడు అసలు పద్ధతి చెబుతాను. ఎవర్నీ "మీ ఊరి చరిత్ర చెప్పండి" అని అడక్కండి. ఆ మాట వినగానే మనిషి బిగుసుకుపోయి, పంతులుగారింటికి దారి చూపిస్తాడు. "బాబాయిగారూ, ఈ పేటకి ఈ పేరెలా వచ్చిందండీ?" అనండి. వెంటనే ఒక కథ చెబుతాడు. పక్కనున్న పెద్దావిడ అది కాదని ఇంకోటి చెబుతుంది. ఎదురింటాయన ఇద్దర్నీ కొట్టిపారేసి మూడోది మొదలుపెడతాడు. మూడూ రాసుకోండి. ఏది నిజమో తేల్చే పని మీ మీద వేసుకోవద్దు. ఆ తగువులోనే మీకు ఏ ఇల్లు ఎవరిదో, ఎవరు ఎక్కణ్ణించి వచ్చి స్థిరపడ్డారో, ఏ నుయ్యి ఎప్పుడు పూడ్చారో అన్నీ తెలుస్తాయి. నేను ఈ ఊరి గురించి నేర్చుకున్నదంతా మనియార్డరు ఫారం మీద సంతకం పెట్టేలోపల జరిగిన ఇలాంటి తగువుల్లోనే.

కోట వైపు

ఎండ ముదరకముందే ఊరికి ఎడంగా ఉన్న బందరుకోట వైపు వెళ్ళండి, గిలకలదిండి దారిలో. కోట అని పేరే గానీ మొండిగోడలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. చూడాల్సింది డచ్చివాళ్ళ సమాధులు. పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి. పరిచినట్టుండే పెద్ద రాతిపలకలు, వాటి మీద వంశచిహ్నాలు, శిరస్త్రాణాలు, తీగలు, వాళ్ళ భాషలో అక్షరాలు. ఉప్పుగాలి ఇటుకని తినేసింది గానీ ఆ రాతిని మాత్రం కొరకలేకపోయింది. పలక మీద వేలు పెట్టి ఒక అక్షరం వెంట పోనివ్వండి. అంచు ఇప్పటికీ పదునుగా తగులుతుంది. ఎక్కడో హాలండులో పుట్టి, గుడ్డల బేరానికొచ్చి, ఈ దోమల్లో పోయిన మనుషులు. చెప్పులు కాదు, బూట్లు వేసుకెళ్ళండి. ముళ్ళున్నాయి, పాములు కూడా ఉంటాయి.

ఊళ్ళో సెయింట్ మేరీస్ చర్చి దగ్గర ఇంకో సమాధి ఉంది, అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయిది. 1809లో పోయింది. ఆమెని ప్రేమించిన జాన్ పేటర్ అనే సైనికాధికారి ఆమె కోసమే ఈ చర్చి కట్టించాడంటారు. శవాన్ని పాడవకుండా అద్దంపెట్టెలో ఉంచారనీ, తాడు లాగితే లేచి కూచునేదనీ మా చిన్నప్పుడు చెప్పి మమ్మల్ని భయపెట్టేవాళ్ళు. ఆ తాడు సంగతి నేను నమ్మను. కానీ అక్కడ ఎవరైనా చెప్పబోతే ఆపకండి, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

ఉప్పెన గురించి అడగడం

ఇది కాస్త జాగ్రత్తగా చేయాల్సిన పని. ఈ ఊరికి రెండు ఉప్పెనలున్నాయి. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికొచ్చింది, 30,000 మంది పోయారని రాశారు. ఆ దెబ్బతో బందరు మళ్ళీ మునుపటి బందరు కాలేదు. రెండోది 1977 నవంబరు 19, శనివారం. అది ఎక్కువగా దివిసీమ మీద పడింది, మాకు దక్షిణాన. సర్కారు లెక్కే పదివేల దాకా ఉంది.

అరవై దాటినవాళ్ళు ఇప్పటికీ వయసు దాంతోనే చెబుతారు. "ఉప్పెనప్పటికి నాకు మూడో బిడ్డ కడుపులో" అంటారు. కాబట్టి "మీకప్పుడెంత వయసండీ?" అని అడిగి ఊరుకోండి. చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు, లేదంటే మాట మార్చేస్తారు. మార్చేస్తే మీరూ మార్చేయండి. ఫోను తీసి రికార్డు చేయడం లాంటివి మాత్రం వద్దు.

నేను ఉద్యోగంలో చేరింది ఆ తర్వాతే. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకసారి, ఒకే ఒక్కసారి చెప్పాడు. ఉప్పెన అయిన వారం పదిరోజులకి దివిసీమ ఊళ్ళకి ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయట. బొంబాయి నుంచి, బొకారో నుంచి, పట్టాళంలో ఉన్న కొడుకుల దగ్గర్నించి, "క్షేమంగా ఉన్నారా, వెంటనే రాయండి" అని కార్డులు. కార్డు కాబట్టి పంచేవాడికి చదవకపోయినా కనపడుతుంది. వాటిని ఎవరికివ్వాలి? వెనక్కి పంపాలంటే దాని మీద కారణం రాయాలి. "రాయడానికి చెయ్యి రాలేదురా" అన్నాడు. ఏం రాశారని నేను అడగలేదు.

చదువులు, పత్రిక, బ్యాంకు

ఇది నిజానికి ఒక పూట పట్టే సంగతి. స్కూలు పుస్తకాల్లో దొరుకుతుంది కాబట్టి నేను తొందరగా దాటేస్తాను. నోబుల్ కాలేజీ 1843లో మొదలైంది. కృష్ణాపత్రిక 1902లో పుట్టింది, ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945 దాకా దాన్ని నడిపారు. ఆయనా, కోపల్లె హనుమంతరావుగారూ, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారూ కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు డబ్బు వద్దని, పుస్తకం చదువుతోపాటు చేతిపనులు నేర్పిన బడి అది. జెండా వెంకయ్యగారు, అంటే పింగళి వెంకయ్యగారు, అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన పుట్టిన భట్లపెనుమర్రు ఇక్కడికి దగ్గరే, కూచిపూడి వైపు. కారుంటే ఆ రెండూ కలిపి ఇంకో రోజు చూసుకోండి.

వైద్యుడైన పట్టాభిగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, బందరులోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది గానీ మా వీధిలో ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకు దాకా వెళ్ళొస్తా" అనే అంటారు. ఆటోవాడికి కూడా అలాగే చెప్పండి, తేలిగ్గా అర్థమవుతుంది.

లడ్డూ

మా మేనల్లుడు కొన్న పొట్లాలు విప్పి చూశాను. పళ్ళకింద పిండి గరగరలాడింది, నూనె వాసన. బందరు లడ్డూ అని పేరు పెట్టుకున్న ప్రతిదీ బందరు లడ్డూ కాదు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా నాలుక చెప్పినంత బాగా చీటీ చెప్పదు.

దీన్ని ఇక్కడికి తెచ్చింది బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీ కుటుంబాలని చెబుతారు. తొక్కుడు లడ్డూ అంటారు కదా, కాళ్ళతో తొక్కడం కాదు, రోట్లో రోకలితో తొక్కడం. తయారీ కొట్టు వెనకాలకి పొద్దున్న తొమ్మిది, పది మధ్య వెళ్ళి, చూడొచ్చా అని మర్యాదగా అడగండి. చాలామంది సరేనంటారు. శనగపిండి కలిపి, మూకుట్లో లావు పూసలా వత్తి వేయిస్తారు. కరకరలాడే ఆ పూసని చల్లారనిచ్చి రోట్లో దంచుతారు. జల్లెడ పడతారు. మిగిలిన మొరుం మళ్ళీ రోట్లోకి. ఆ మెత్తటి పొడిలో బెల్లంపాకం పోసి కలిపి, నెయ్యి వేస్తూ మళ్ళీ దంచుతారు. ఈ రెండో దంపుడు దగ్గరే లడ్డూ గెలిచేదీ ఓడేదీ. మొదట రోకలి 'ఠంగ్' మంటుంది, ముద్ద మెత్తబడే కొద్దీ చప్పుడు మందగిస్తుంది, చివరికి రోకలి ముద్దలో దిగి పైకి రావడానికి మొరాయిస్తుంది. అప్పుడు ఆపి, యాలకులపొడి, జీడిపప్పు కలిపి చుడతారు. చేతిలో బరువుగా ఉండాలి, నోట్లో పెడితే నమలక్కర్లేకుండా జారాలి. పక్కనే గోధుమపాలతో గంటలకొద్దీ తిప్పి చేసే హల్వా కూడా ఉంటుంది. దాని గురించి నేనేమీ రాయను, షుగరొచ్చాక దాని పేరెత్తడం మా ఇంట్లో నిషేధం.

కొట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఎప్పుడు దంచారండీ?" ఇవాళో నిన్నో అంటే కొనండి. "తాజాదేనండీ" అని తప్పించుకుంటే మర్యాదగా బయటికి రండి.

పండగకి వస్తే

దసరాకి వస్తే శక్తిపటాలు చూడాలి. ఇలాంటిది ఇంకోచోట నేను చూళ్ళేదు. ఈడేపల్లి శక్తిగుడి దీనికి మూలం. అమ్మవారి బొమ్మ ఉన్న పెద్ద పటాన్ని మనిషి వీపుకి కట్టుకుంటాడు, మొహానికి కాళికాదేవి ముఖోటా, చేతిలో కత్తి. డప్పుల మోతకి అంత బరువుతోనూ చిందులేస్తాడు. ఇంటింటి ముందూ ఆగితే బిందెలతో నీళ్ళు పోసి, హారతిస్తారు. చివరి రాత్రి పటాలన్నీ కోనేరు సెంటరు చేరతాయి. మీరు మేడ మీంచి చూడకండి, కింద గుంపులో నిలబడండి. పటం తిరిగినప్పుడు గాలి మొహానికి తగలాలి. పటం మోసే కుర్రాళ్ళు పగలు ఆటో తోలేవాళ్ళో, గిల్టునగల పని చేసేవాళ్ళో అయి ఉంటారు. ఆ తొమ్మిది రోజులూ వాళ్ళని "స్వామీ" అనాలి, పేరు పెట్టి పిలవకూడదు. నా దగ్గర రిజిస్టరు ఉత్తరం తీసుకోవాల్సిన ఓ కుర్రాడు ఒకసారి పటం దించాకే సంతకం పెడతానన్నాడు. ఆగాను మరి.

కార్తీక పౌర్ణమికయితే చిలకలపూడి. భక్త నరసింహంగారు 1929లో కట్టించిన పాండురంగడి గుడి, పండరిపురం పోలేనివాళ్ళకి అదే పండరిపురం. ఆ రోజు జనం తెల్లవారకుండానే మంగినపూడిలో సముద్రస్నానం చేసి గుడికొస్తారు. బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. ముసలివాళ్ళనీ చంటిపిల్లల్నీ ఆ రోజు తీసుకురావద్దు. చిలకలపూడి ఇంకో సంగతికి కూడా పేరు మోసింది, గిల్టునగలు. పెళ్ళికూతురి మెళ్ళో హారం నుంచి నాటకాల్లో దుర్యోధనుడి కిరీటం దాకా అన్నీ అక్కడ దొరుకుతాయి. మామూలు రోజున వెళితే సన్నటి సెగమీద అతుకులు పెట్టేవాళ్ళ పక్కన కూచుని చూడొచ్చు.

పీర్ల పండక్కి ఊళ్ళో ఉంటే అదీ వదలొద్దు. పీరు ముందు మొక్కుకునేవాళ్ళలో బొట్టున్నవాళ్ళు కూడా బోలెడుమంది కనపడతారు.

సముద్రం చివర్న

అందరూ సముద్రంతో మొదలుపెడతారు, నేను చివర పెట్టుకోమంటాను. తెల్లవారుజామున గిలకలదిండి వెళ్ళండి. పడవలు దిగే వేళకి చందువ, వంజరం, పండుగప్ప, రొయ్యలు గంపల్లోకి వస్తుంటాయి, వేలంపాట జరుగుతుంటుంది. ఆ పాటలో ధర వినపడదు, వేళ్ళూ కనుబొమలూ చూసి తెలుసుకోవాలి. దారికి అడ్డం నిలబడకండి. కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగితే తిట్లు తినాలి, అవి కూడా వినదగ్గవే గానీ పిల్లలు పక్కనుంటే వద్దు.

అక్కణ్ణించి మంగినపూడి. నల్లమట్టి ఉంటుందని తెలిసి వెళ్ళండి, సూర్యోదయం వేళకి చేరితే ఆ నల్లటి తడినేల మీదే ఎర్రదనమంతా పరుచుకుంటుంది. చాలా దూరం లోతు ఉండదు. ఇదే మా రేవు కథ కూడా. ఒండ్రు పేరుకుని తీరం మెరక కాబట్టి పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరేసి, పడవల మీద సరుకు చేరేసేవి. లోతున్న రేవులు వచ్చాక మా రేవు చిన్నబోయింది. కొత్త పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023 మేలో ఒకసారి శంకుస్థాపన చేశారు. మూడింటికీ నేను జనంలో నిలబడి చప్పట్లు కొట్టాను. మూడోసారి పని కనపడింది.

మా మేనల్లుడు దసరాకి మళ్ళీ వస్తానని ఫోను చేశాడు. కారు ఇంట్లో పెట్టి రైలెక్కమన్నాను, పెడనలో దిగమన్నాను. స్టేషనుకి నేనే ఎదురొస్తానంటే "సైకిలు మీదా మావయ్యా?" అని నవ్వాడు. పది కిలోమీటర్లు. చల్లటిపూట అదేం దూరం.